హైరమ్ బెర్డాన్

హైరమ్ బెర్డాన్ (సెప్టెంబరు 6, 1824 - మార్చి 31, 1893) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన యాంత్రిక ఇంజనీరు, తుపాకి గురికాడు, సైనికాధికారి, ఆవిష్కర్త. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన షార్ప్‌షూటర్ల దళాలను ఏర్పరచిన వ్యక్తిగా ఆ దేశ చరిత్రలోను, బెర్డాన్ ప్రైమర్ సృష్టికర్తగా ఆయుధాల చరిత్రలోను ఇతడు ప్రసిద్ధుడు. రష్యా సైన్యం రెండు దశాబ్దాలపాటు వాడిన బెర్డాన్ రైఫిల్ కూడా ఇతని పేరు మీదనే ఉంది.

తూటా యొక్క లోహపు తొడుగును ఒకసారి పేల్చిన తరువాత పారవేయకుండా మళ్ళీ నింపి వాడుకొనే వీలు కల్పించడం బెర్డాన్ పేటెంటు ప్రయోజనాలలో ఒకటి. కాని నేడు తూటాలను తిరిగి నింపుకొనేవారు అన్నిటికంటె తక్కువగా ఇష్టపడేది బెర్డాన్ ప్రైమర్ ఉన్న తొడుగులనే. ఈ వైరుధ్యానికి కారణం తొడుగు అడుగున ఉండే ఒక చిన్న రంధ్రపు స్థానం. దానిని అర్థం చేసుకోవాలంటే బెర్డాన్ జీవితంతోపాటు ఇత్తడి తొడుగు నిర్మాణాన్ని గురించి కూడా కొంత తెలుసుకోవాలి.

జననం, తొలి జీవితం

బెర్డాన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆంటారియో కౌంటీకి చెందిన ఫెల్ప్స్ పట్టణంలో 1824లో జన్మించాడు. యాంత్రిక ఇంజనీరుగా న్యూయార్క్ నగరంలో స్థిరపడ్డాడు. ముడి ఖనిజాన్ని నలగగొట్టి, పాదరసం సాయంతో అందులోని బంగారాన్ని వేరుచేసే యంత్రాన్ని రూపొందించాడు. కాలిఫోర్నియాలో బంగారం బయటపడి గనుల వ్యాపారం ఊపందుకొన్న కాలం కావడంతో ఈ యంత్రానికి మంచి గిరాకీ ఏర్పడింది. యాంత్రికంగా రొట్టెలు కాల్చే పొయ్యి, ఒక రకం రైఫిల్ కూడా ఇతని తొలి ఆవిష్కరణలలోనివి. వీటి వలన అంతర్యుద్ధం నాటికే బెర్డాన్ సంపన్నుడయ్యాడు.

ఇంజనీరుగా ఎంత పేరు వచ్చిందో, గురికాడుగా అంతకు మించిన పేరు వచ్చింది. యుద్ధానికి ముందు సుమారు పదిహేనేళ్ళపాటు అమెరికాలోని రైఫిల్ గురికాళ్ళలో అగ్రగణ్యుడుగా గుర్తింపు పొందాడు. గురి పోటీలలో ఒక్కొక్క గుండుకు మందును సరిగా తూచడం, గుండును గొట్టంలో సమంగా కూర్చోబెట్టడం, దానికి తగినంత కందెన పూయడం వంటి పనులన్నీ పోటీదారే స్వయంగా చేసుకొనేవాడు. గుండు ప్రతిసారీ ఒకే విధంగా వెలువడాలంటే ప్రతి తూటా ఒకే విధంగా ఉండాలన్నది ఈ క్రీడ నేర్పే మొదటి పాఠం.

షార్ప్‌షూటర్ల దళాలు

1861లో అంతర్యుద్ధం ప్రారంభమైనపుడు, ఉత్తరాది రాష్ట్రాలలోని మంచి గురికాళ్ళందరినీ ఒకచోట చేర్చి ప్రత్యేక దళంగా వాడాలని బెర్డాన్ ప్రభుత్వానికి ప్రతిపాదించాడు. ప్రభుత్వం అంగీకరించడంతో మొదటి, రెండవ సంయుక్త రాష్ట్రాల షార్ప్‌షూటర్ల రెజిమెంట్లు ఏర్పడ్డాయి. సాధారణంగా ఒక్కొక్క రెజిమెంటును ఒక్కొక్క రాష్ట్రం సమకూర్చేది. వీటిలో మాత్రం న్యూయార్క్, మిషిగన్, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, విస్కాన్సిన్, మిన్నెసోటా, మెయిన్, పెన్సిల్వేనియా మొదలైన అనేక రాష్ట్రాలవారు ఉండేవారు.

దళంలో చేరదలచినవారు ఒక పరీక్షలో నెగ్గవలసి ఉండేది. తుపాకిని ఆనించి 200 గజాల (సుమారు 183 మీటర్లు) దూరం నుండి, లేదా ఆనించకుండా 100 గజాల దూరం నుండి పది గుండ్లు పేల్చాలి. ఆ పదీ 10 అంగుళాల వ్యాసం గల వృత్తంలోనే పడాలి. ప్రతి గుండు లక్ష్య కేంద్రానికి ఎంత దూరంలో తగిలిందో కొలిచి, పది కొలతలను కూడినపుడు మొత్తం 50 అంగుళాలు మించరాదు.

ఉత్తరాది సైనికులు సాధారణంగా నీలం దుస్తులు ధరిస్తే, షార్ప్‌షూటర్లు చెట్లలో కలిసిపోయే ఆకుపచ్చ దుస్తులు ధరించేవారు. వరుసలలో నిలబడి ఒక్కసారిగా పేల్చే పద్ధతికి బదులు చెదరి, చాటున ఉండి, ఎంచుకొన్న లక్ష్యాన్ని కొట్టడం వీరి యుద్ధరీతి. 1861 నవంబరు 30న బెర్డాన్ మొదటి రెజిమెంటుకు కల్నల్ గా నియమితుడయ్యాడు.

ఆయుధాల విషయంలో బెర్డాన్ కు సైనికాయుధ శాఖాధిపతి జేమ్స్ రిప్లీతో వివాదం ఏర్పడింది. బెర్డాన్ వెనుకనుండి మందు నింపే షార్ప్స్ రైఫిళ్ళను కోరాడు. రకరకాల తుపాకులు చేరితే రకరకాల తూటాలను సరఫరా చేయవలసి వస్తుందని, మామూలు స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులే చాలునని రిప్లీ భావించాడు. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ శిక్షణ శిబిరాన్ని చూడడానికి వచ్చినపుడు, బెర్డాన్ 600 గజాల దూరంలో నిలిపిన మనిషి బొమ్మ కంటిని గురి చూసి కొట్టాడని, అది చూసి లింకన్ రైఫిళ్ళ మంజూరుకు మొగ్గు చూపాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ మాట ఎలా ఉన్నా, లింకన్ జోక్యంతోనే రైఫిళ్ళ కొనుగోలుకు అనుమతి లభించింది. అవి వచ్చేవరకు దళానికి తాత్కాలికంగా కోల్ట్ రివాల్వింగ్ రైఫిళ్ళు ఇచ్చారు. 1862 వేసవి నాటికి షార్ప్స్ రైఫిళ్ళు చేతికందాయి.

గెట్టిస్‌బర్గ్, రాజీనామా

షార్ప్‌షూటర్లు 1862లో వర్జీనియాలో జరిగిన ద్వీపకల్ప దండయాత్రలోను, రెండవ బుల్ రన్ యుద్ధంలోను పాల్గొన్నారు. 1863 మేలో ఛాన్సలర్స్‌విల్ యుద్ధంలో బెర్డాన్ ఒక బ్రిగేడుకు నాయకత్వం వహించాడు. అక్కడ కాథరిన్ ఫర్నేస్ అనే చోట అతని సైనికులు జార్జియాకు చెందిన 23వ రెజిమెంటులో అధిక భాగాన్ని బందీలుగా పట్టుకొన్నారు.

1863 జూలై 2న, గెట్టిస్‌బర్గ్ యుద్ధం రెండవ రోజున, సుమారు 100 మంది షార్ప్‌షూటర్లు, మెయిన్ రాష్ట్రపు 3వ రెజిమెంటు సైనికులతో కలిసి బెర్డాన్ పిట్జర్ అడవిలోకి గూఢచర్యకు వెళ్ళాడు. అక్కడ విల్కాక్స్ నాయకత్వంలోని అలబామా బ్రిగేడు ఎదురుపడింది. కొద్దిసేపు పోరాడి వీరు వెనుదిరిగారు. శత్రువు ఎడమ పక్కగా చేరుతున్నాడన్న వీరి వార్త, జనరల్ సికిల్స్ తన దళాన్ని ముందుకు జరపడానికి ఒక కారణమయింది. ఆ పోరు వలన దక్షిణాది దాడి ఆలస్యమై ఉత్తరాది సైన్యం గట్టెక్కిందని బెర్డాన్ తరువాతి కాలంలో గట్టిగా వాదించాడు. చరిత్రకారులలో చాలామంది ఈ వాదనను పూర్తిగా అంగీకరించరు.

దళాన్ని కూర్చడంలో చూపిన సామర్థ్యాన్ని రణరంగంలో నడపడంలో బెర్డాన్ చూపలేదని అతని కింది అధికారులే విమర్శించారు. వీరిలో ముఖ్యుడు స్విట్జర్లాండులో పుట్టిన కాస్పర్ ట్రెప్. వృత్తి సైనికుడైన ట్రెప్ కు, బెర్డాన్ కు మధ్య ఎడతెగని విభేదాలుండేవి. ట్రెప్ 1863 నవంబరు 30న మైన్ రన్ వద్ద మరణించాడు. బెర్డాన్ 1864 జనవరి 2న సైన్యానికి రాజీనామా చేశాడు. ఛాన్సలర్స్‌విల్ సేవకు గాను గౌరవ బ్రిగేడియర్ జనరల్ హోదాను సెనేటు 1869లో ఆమోదించింది. గెట్టిస్‌బర్గ్ సేవకు ప్రతిపాదించిన గౌరవ మేజర్ జనరల్ హోదా మాత్రం ఆమోదం పొందలేదు.

నాటి తూటాల సమస్య

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం వరకు సైనికుల తూటా అంటే మందును, సీసపు గుండును కలిపి చుట్టిన కాగితపు పొట్లం. గుండు గొట్టంలోకి సులభంగా జారడానికి, మందు మసి పేరుకోకుండా ఉండడానికి ఆ పొట్లానికి కొవ్వు లేదా మైనం పూసేవారు. 1857లో భారతదేశంలో సిపాయిల తిరుగుబాటుకు తక్షణ కారణంగా చెప్పబడే ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు ఈ కందెనే.

కాగితపు తూటాతో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, అది తడిసిపోతుంది. రెండవది, వెనుకనుండి నింపే తుపాకులలో పేలినప్పుడు పుట్టే వాయువు కీళ్ళ సందులలోనుండి వెనుకకు తన్నుతుంది. లోహపు తొడుగు ఈ రెండింటినీ తీర్చింది. పేలుడు ఒత్తిడికి తొడుగు ఉబ్బి తుపాకి గదిగోడలకు అతుక్కొని వాయువును బయటికి పోనివ్వదు. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకొని, బయటికి లాగడానికి వీలవుతుంది.

అంతర్యుద్ధంలో స్పెన్సర్, హెన్రీ రైఫిళ్ళలో వాడిన లోహపు తూటాలకు పేలుడు మిశ్రమం అడుగు అంచులోని మడతలో ఉండేది. తుపాకి సుత్తి ఆ అంచును నొక్కి పేల్చేది. ఒకసారి పేలితే అంచు చితికిపోతుంది, మిశ్రమాన్ని మళ్ళీ నింపే వీలుండదు. అందువలన తొడుగు ఒక్కసారికే పనికివచ్చేది. పేలుడు మిశ్రమాన్ని అడుగు మధ్యభాగంలో, విడిగా తీసి పెట్టగల చిన్న గిన్నెలో ఉంచితే తొడుగును మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చును. ఈ చిన్న గిన్నెనే ప్రైమర్ అంటారు.

బెర్డాన్ ప్రైమర్

బెర్డాన్ తన మొదటి ప్రైమర్ పేటెంటును 1866 మార్చి 20న పొందాడు. ఈ పద్ధతిలో తొడుగు అడుగున బయటివైపు ఒక గుంట ఉంటుంది. గుంట మధ్యలో తొడుగు లోహంతోనే చిన్న మొన ఏర్పరుస్తారు. ఇది కమ్మరి దాగలి వంటిది. ప్రైమర్ గిన్నెను గుంటలో బిగించినప్పుడు అందులోని పేలుడు మిశ్రమం ఈ దాగలికి ఆని ఉంటుంది. తుపాకి సూది గిన్నెను పొడిచినప్పుడు మిశ్రమం గిన్నెకు, దాగలికి మధ్య నలిగి అంటుకొంటుంది. ఆ నిప్పు రంధ్రం గుండా తొడుగులోని మందుకు చేరుతుంది. దాగలి సరిగ్గా మధ్యలో ఉంటుంది కనుక నిప్పు రంధ్రం పక్కకు జరగక తప్పదు. తరువాతి కాలంలో దాగలికి రెండు పక్కలా రెండు రంధ్రాలు పెట్టడం మామూలయింది.

మందు, గుండు నింపి ఉంచిన తూటాకు వాడబోయే ముందు ప్రైమర్ పెట్టుకొనే వీలు, పేలిన తొడుగును తిరిగి నింపుకొనే వీలు రెండూ ఇందులో ఉన్నాయి. అయితే తొలి తొడుగులను రాగితో చేయడం వలన ఒక చిక్కు వచ్చింది. బయటినుండి ప్రైమర్ ను నొక్కి బిగించేటపుడు మెత్తని రాగి ఉబ్బి, తూటా తుపాకి గదిలో సరిగా కూర్చొనేది కాదు. దీనికి పరిష్కారంగా బెర్డాన్ రాగికి బదులు ఇత్తడిని ఎంచుకొని, ప్రైమర్ బిగించే విధానాన్ని కూడా మార్చి, 1868 సెప్టెంబరు 29న రెండవ పేటెంటు పొందాడు.

తూటాల తొడుగులకు నేటికీ వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఇది సాగుతుంది, మళ్ళీ కొంత వెనుకకు ముడుచుకొంటుంది. రాగికి సాగే గుణం ఉన్నా ముడుచుకొనే గుణం తక్కువ. ఈ మార్పు తుపాకి తూటాల తయారీలో ఒక ముఖ్యమైన మలుపు. 1867లో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ లో ఏర్పడిన యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ కంపెనీ బెర్డాన్ తూటాలను పెద్ద ఎత్తున తయారుచేసింది.

బాక్సర్ ప్రైమర్ తో పోలిక

దాదాపు అదే సమయంలో ఇంగ్లండులోని వూల్విచ్ ఆయుధాగారంలో పనిచేసిన ఎడ్వర్డ్ మౌనియర్ బాక్సర్ (1822-1898) మరొక ప్రైమర్ రూపొందించాడు. ఇందులో దాగలి తొడుగులో భాగం కాదు. ప్రైమర్ గిన్నెలోనే విడి ముక్కగా ఇమిడి ఉంటుంది. అందువలన తొడుగు అడుగు మధ్యభాగం ఖాళీగా ఉండి, ఒకే నిప్పు రంధ్రం సరిగ్గా నడుమ ఉంటుంది.

రెండింటికీ పేల్చే పనిలో చెప్పుకోదగిన తేడా లేదు. తయారీలో బెర్డాన్ ప్రైమర్ సులువైనది, చవకైనది. ప్రతి ప్రైమర్ లోను విడిగా దాగలి ముక్క పెట్టనక్కరలేదు. కాని పేలిన ప్రైమర్ ను తీయడంలో బాక్సర్ పద్ధతిది పైచేయి. తొడుగు మూతి గుండా ఒక సన్నని ఊచను దించితే అది నేరుగా నడుమ రంధ్రంలో దూరి పాత ప్రైమర్ ను బయటికి నెట్టివేస్తుంది. బెర్డాన్ తొడుగులో ఆ ఊచ దాగలికి తగిలి ఆగిపోతుంది, లేదా విరుగుతుంది. పాత ప్రైమర్ ను బయటినుండి కొక్కెం వంటి పనిముట్టుతో పెకలించాలి. లేదా తొడుగులో నీరు నింపి, మూతికి బిగుతుగా సరిపడే కడ్డీతో కొట్టి నీటి ఒత్తిడితో ఊడగొట్టాలి. రెండూ ఆలస్యమైన పనులే.

అమెరికా సైన్యం 1880లలో తన సైనికులచేత గురి సాధన కొరకు తూటాలను తిరిగి నింపించేది. ఆ సైన్యం స్థిరపడినది బాక్సర్ తరహా ప్రైమర్ తోనే. క్రమంగా అమెరికన్ ఆవిష్కర్త పేరు గల ప్రైమర్ ఐరోపా సైన్యాలలోను, ఆంగ్లేయుడి పేరు గల ప్రైమర్ అమెరికాలోను ప్రామాణికమయ్యాయి. బ్రిటిష్ సైన్యపు .303 తూటాలలో కూడా అధిక భాగానికి బెర్డాన్ ప్రైమర్లే ఉండేవి.

రష్యాలో బెర్డాన్ రైఫిల్

అంతర్యుద్ధానంతరం రష్యా ప్రభుత్వం ఆధునిక రైఫిల్ కోసం తన అధికారులు అలెగ్జాండర్ గోర్లోవ్, కార్ల్ గున్నియస్ లను అమెరికాకు పంపింది. వారు బెర్డాన్ రూపొందించిన, ముందుకు తెరుచుకొనే తలుపు గల రైఫిల్ ను ఎంచుకొని, అనేక మార్పులు చేయించారు. 1868లో ఆమోదం పొందిన ఈ మొదటి నమూనా రైఫిళ్ళు 30,000 హార్ట్‌ఫర్డ్ లోని కోల్ట్ కర్మాగారంలో తయారయ్యాయి. తరువాత బెర్డాన్ స్వయంగా రష్యా వెళ్ళి, గడియవలె ముందు వెనుకలకు జరిగే బోల్టు గల రెండవ నమూనాను ఇచ్చాడు. ఇది 1870లో ఆమోదం పొందింది. మొదట ఇంగ్లండులోని బర్మింగ్‌హాం లో, తరువాత రష్యాలోని తూలా, ఇజెవ్‌స్క్, సెస్త్రొరెత్‌స్క్ కర్మాగారాలలో ఈ రైఫిళ్ళు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. స్పెయిన్ కూడా తన పాత తుపాకులను బెర్డాన్ పద్ధతిలో 1867 నుండి మార్పించుకొంది.

రష్యా రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం 4.2 లైన్లు, అనగా 10.67 మిల్లీమీటర్లు. దీని తూటా కొత్త తరహాది. ఎక్కువ మందు పట్టడానికి తొడుగు శరీరాన్ని లావుగా ఉంచి, పైభాగాన్ని భుజంలాగా వంచి, గుండు పట్టేంత సన్నని మెడగా మార్చారు. ఇత్తడితో అతుకులేకుండా చేసి, సీసా ఆకారంలో ఉన్న తొలి సైనిక తూటాలలో ఇది ఒకటి. సుమారు 24 గ్రాముల సీసపు గుండుకు కాగితం చుట్టేవారు.

1877-78 రష్యా-టర్కీ యుద్ధం నాటికి ఈ రైఫిళ్ళు సైన్యమంతటికీ చాలినన్ని లేవు. చాలా దళాలు పాత తుపాకులతోనే పోరాడాయి. 1891లో మోసిన్ రైఫిల్ రావడంతో బెర్డాన్ రైఫిల్ సైన్యం నుండి క్రమంగా తప్పుకొని వేటగాళ్ళ చేతికి చేరింది. సైబీరియా అడవులలో బెర్దాంకా అనే పేరుతో ఇది ఎన్నో దశాబ్దాలు నిలిచింది. దుకాణాలు దూరంగా ఉండే ఆ ప్రాంతాలలో ఇత్తడి తొడుగును మళ్ళీ నింపుకోవడం వేటగాడికి ఒక అవసరం.

తొడుగును తిరిగి నింపే విధానం - మెడ, కందెన

పేలిన తొడుగును మళ్ళీ వాడాలంటే ప్రైమర్ మార్చడంతో పని పూర్తికాదు. పేలుడులో తొడుగు మెడ తుపాకి గది మేరకు వ్యాకోచిస్తుంది. ఒత్తిడి తగ్గాక కొంత ముడుచుకొన్నా పూర్వపు కొలతకు రాదు. కొత్త గుండు అందులో వదులుగా ఉంటుంది. అందువలన మెడను తిరిగి సన్నబరచాలి. దీనికి డై అనే ఉక్కు అచ్చును వాడతారు. తొడుగును మరతో ఆ అచ్చులోకి నెట్టినపుడు మెడ అవసరమైన దానికంటె కొద్దిగా ఎక్కువే నొక్కుకొంటుంది. తొడుగును వెనుకకు లాగేటపుడు, అచ్చు నడుమనున్న ఊచకు అమర్చిన చిన్న ఉక్కు బుడిపె మెడ లోపలినుండి వెలుపలికి వస్తూ, మెడను గుండుకు సరిపడే కొలతకు తెరుస్తుంది. అదే ఊచ చివరనున్న సూది బాక్సర్ తొడుగులలో పాత ప్రైమర్ ను కూడా నెట్టివేస్తుంది. రెండు పనులు ఒకే తోపులో పూర్తవుతాయి. బెర్డాన్ తొడుగులలో ఈ సూదిని తొలగించి, ప్రైమర్ పని విడిగా చేయవలసి ఉంటుంది.

ఉక్కు మీద ఇత్తడి పొడిగా రాసుకొంటే ఇత్తడి రేణువులు ఉక్కుకు అంటుకొని గీతలు పడతాయి, తొడుగు అచ్చులో బిగుసుకొనిపోవచ్చు. అందువలన కందెన తప్పనిసరి. తొడుగు వెలుపలి శరీరానికి పలుచని మైనం వంటి కందెన పూస్తారు. మెడ లోపలివైపు సాధారణంగా గ్రాఫైటు లేదా అభ్రకం పొడి వంటి పొడి కందెనను సన్నని కుంచెతో రాస్తారు. లోపల నూనె ఉంటే అది మందును, ప్రైమర్ ను పాడుచేయవచ్చును. లోపల కందెన అసలే లేకపోతే ఉక్కు బుడిపె వెలుపలికి వచ్చేటప్పుడు మెడను పట్టి లాగుతుంది. దానితో మెడ సాగి పొడుగవుతుంది, ఒక పక్కకు వంగవచ్చు, భుజం ముందుకు జరుగుతుంది. అటువంటి తూటా తుపాకి గదిలో సరిగా కూర్చోదు, గుండు నిటారుగా వెలువడదు.

కందెన ఎక్కువైనా దోషమే. అచ్చులో చిక్కుకొన్న నూనెకు పోయేదారి లేక, అది భుజం మీద సొట్టలు పెడుతుంది. పని ముగిసిన తరువాత తొడుగు మీద కందెనను పూర్తిగా తుడిచివేయాలి. పేలినప్పుడు తొడుగు గదిగోడలను పట్టుకొని ఒత్తిడిలో కొంత భాగాన్ని తాను భరిస్తుంది. జిడ్డు ఉంటే ఆ పట్టు తప్పి, భారమంతా తుపాకి బోల్టు మీద పడుతుంది.

అదే తుపాకిలో వాడే తొడుగులకు కొందరు మెడను మాత్రమే సన్నబరుస్తారు. శరీరం ఆ తుపాకి గది ఆకారంలోనే ఉండిపోతుంది కనుక ఇత్తడికి శ్రమ తగ్గుతుంది. వేరే తుపాకులలో వాడవలసినవైతే తొడుగు మొత్తాన్ని అచ్చుకు తేవాలి.

ఇత్తడి మెడలో పగుళ్ళు

ఇత్తడిని ఎన్నిసార్లు నొక్కి, సాగదీస్తే అంతగా గట్టిబడి పెళుసవుతుంది. కంచర్లు ఇత్తడి పాత్రను కొడుతూ మధ్యమధ్య నిప్పులో కాల్చి మెత్తబరిచేది ఇందుకే. తొడుగు మెడకు కూడా ఇదే వైద్యం. మెడను మాత్రమే వేడిచేసి, అడుగుభాగం వేడెక్కకుండా చూస్తారు. అడుగు మెత్తబడితే అది పేలుడు ఒత్తిడికి ఆగదు.

ఈ విషయంలో భారతదేశానికి ఒక సంబంధం ఉన్నది. బ్రిటిష్ పాలనలో వర్షకాలంలో గుర్రపుశాలలలో నిలువ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు, ఎవరూ పేల్చకుండానే, గుండును బిగించిన మెడ దగ్గర పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుండి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన లోపలి బిగువు - ఈ మూడు కలవడం దీనికి కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. తొడుగును తగినంత వేడిచేసి ఆ బిగువును సడలించడంతో సమస్య తీరింది. లోహశాస్త్రంలో ఒత్తిడి, రసాయన చర్య కలిసి కలిగించే పగుళ్ళకు ఇది నేటికీ ప్రామాణిక ఉదాహరణ.

పేటెంటు వ్యాజ్యం

అమెరికా ప్రభుత్వం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తయారుచేసిన, వెనుకనుండి నింపే రైఫిళ్ళలో తన పేటెంటులోని అంశాలను వాడుకొని ప్రతిఫలం ఇవ్వలేదని బెర్డాన్ పక్షం వాదించింది. బెర్డాన్ ఫైర్‌ఆర్మ్స్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పేరున ప్రభుత్వంపై వ్యాజ్యం నడిచింది. ప్రభుత్వంపై దావాలను విచారించే న్యాయస్థానం కంపెనీకి కొంత పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు 1895లో ఆ తీర్పును ఖరారు చేసింది. అప్పటికి బెర్డాన్ చనిపోయి రెండేళ్ళయింది.

కుటుంబం, చివరి రోజులు

బెర్డాన్ చాలాకాలం ఐరోపాలో, రష్యాలో, టర్కీలో గడిపాడు. అతని కుమార్తె ఎలిజబెత్ ను నవలాకారుడు ఫ్రాన్సిస్ మారియన్ క్రాఫర్డ్ 1884లో కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) లో వివాహమాడాడు. క్రాఫర్డ్ అంతకు కొన్నేళ్ళ ముందు అలహాబాదులో ఇండియన్ హెరాల్డ్ పత్రికకు సంపాదకుడుగా పనిచేశాడు. అతని మొదటి నవల మిస్టర్ ఐజాక్స్ (1882) కథాస్థలం భారతదేశమే.

చివరి సంవత్సరాలలో బెర్డాన్ నౌకాయుధాలపై దృష్టి పెట్టాడు. ఓడల చుట్టూ వేసే రక్షణ వలలను తప్పించుకొని దాడిచేసే టార్పెడో పడవ, దూరాన్ని కొలిచే పరికరం, నిర్ణీత దూరంలో పేలే ఫిరంగి గుండు ఫ్యూజు మొదలైనవి ఇతని తరువాతి ఆవిష్కరణలు. ప్రైమర్ కు వచ్చిన ప్రచారం వీటికి రాలేదు. 1893 మార్చి 31న ఆకస్మికంగా మరణించాడు. ఇతని సమాధి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఉన్నది.

ప్రభావం

ఇరవయ్యవ శతాబ్దంలో సైన్యాలు తొడుగులను ఏరి దాచుకొనే అలవాటు మానుకొన్నాయి. యంత్రాలు తూటాలను కోట్ల సంఖ్యలో చేయగలిగినపుడు, తయారీలో మిగిలే కొద్దిపాటి ఖర్చే ముఖ్యమయింది. అందువలన చవకగా తయారయ్యే బెర్డాన్ ప్రైమర్ సైనిక తూటాలలో నిలదొక్కుకొన్నది. కలాష్నికోవ్ రైఫిల్ కొరకు సోవియట్ యూనియన్ లో ఉక్కు తొడుగులతో తయారైన తూటాలకు ఈ ప్రైమరే ఉండేది. ఒకసారి పేల్చి వదిలివేసే ఉక్కు తొడుగులకు ఇది బాగా సరిపోయింది.

మరొకవైపు అమెరికా, ఐరోపా దేశాలలోని క్రీడాకారులు, వేటగాళ్ళు ఇత్తడి తొడుగులను ఇంటివద్దనే తిరిగి నింపుకొంటారు. వారి పనిముట్లన్నీ బాక్సర్ తొడుగును దృష్టిలో ఉంచుకొని చేసినవే. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలను తయారుచేయడం నేరం.

బెర్డాన్ పేరున్న రైఫిళ్ళు ప్రదర్శనశాలలకు చేరాయి. అతడు కూర్చిన దళాలు అంతర్యుద్ధంతోనే ముగిసిపోయాయి. రాగికి బదులు ఎంచుకొన్న ఇత్తడి మాత్రం ఈనాటికీ తూటా తొడుగులకు ప్రధాన లోహంగా ఉన్నది. బాక్సర్ ప్రైమర్ ను వాడేవారు సన్నబరచి, కందెన పూసి, పదేపదే నింపుకొనే తొడుగు కూడా ఆ ఇత్తడిదే.